వెనక వరస ప్రశ్న

తెర మీద చివరి సమీకరణం పడేసరికి ఆమెకు ధైర్యం వచ్చింది. ప్రకృతిలోని నాలుగు బలాలనూ ఒకే గొడుగు కిందికి తెచ్చే దారి ఇదేనని తలపండిన భౌతికశాస్త్రవేత్తల ముందు చెబుతోంది. ఈ ఉపన్యాసం నచ్చితే ఉద్యోగం ఖాయం.

అప్పుడు కనిపించాడు, వెనక వరసలో నాన్న.

ఆయన్ని తను పిలవలేదు. ఎలా పిలుస్తుంది? ఆమె చిన్నప్పుడు ఆయన ఇవే బలాలను కలిపేశానని చాటుకున్నాడు. పత్రికల్లో ఫొటో పడింది. ఆ తర్వాత నిండు సభలో ఎవరో ఒక్క ప్రశ్న అడిగారు. సిద్ధాంతం పేకమేడలా కూలింది. ఇప్పటికీ ఈ రంగంలో ఆయన పేరెత్తితే నవ్వుతారు. అందుకే ఆమె అమ్మ ఇంటిపేరు పెట్టుకుంది.

ముందు వరసలో బట్టతల ప్రొఫెసర్ కళ్లజోడు సవరించుకుని తెర వైపు వంగాడు. చెయ్యి ఎత్తబోయాడు.

అంతలో వెనక నుంచి నాన్న గబుక్కున లేచాడు.

"అమ్మాయ్, నాకో సందేహం! బలాలన్నీ ఒకటైపోతే మా ఇంట్లో ఫ్రిజ్‌కి అంటించిన అయస్కాంతం ఊడి కింద పడిపోదూ?"

హాలు గొల్లుమంది. బట్టతల ప్రొఫెసర్ నవ్వాపుకోలేక కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఎవరండీ ఆయన? మీకు తెలుసా?" అంది సభాధ్యక్షురాలు.

ఆమె చెవులు భగ్గుమన్నాయి.

"తెలియదండీ."

నాన్న సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నవ్వులు సద్దుమణగకముందే అధ్యక్షురాలు అందర్నీ టీకి లేవమంది.

"ఉద్యోగం మీదే అనుకోండి," అన్నారెవరో. ఆమె టీ కప్పు అందుకుంది. కన్నతండ్రిని పట్టుకుని తెలియదంది. కప్పు అక్కడే పెట్టేసి బయటికి పరుగెత్తింది.

బస్టాపులో దొరికాడు.

"నాన్నా... మీరెవరో తెలియదన్నాను."

"విన్నానులే. మంచి పని చేశావు."

ఆమె తలెత్తలేకపోయింది. సిగ్గుతో ఏడుపొచ్చింది, వెనకే ఉక్రోషమూ వచ్చింది.

"అయినా అంత చదువుకున్న మీరు, అందరిలో అలాంటి పిచ్చి ప్రశ్న ఎందుకడిగారు నాన్నా?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మైనస్ ఉండాల్సిన చోట ప్లస్ వేశావు తల్లీ, ఆ ముందు వరసాయన అది పట్టేసి చెయ్యెత్తబోతుంటే నాకింకేం తోచలేదు."