చేపలు వచ్చే వైపు

చెరువు మధ్యలో గుంజల మీద ఉంటుంది మా కాపలా పాక. మేత డబ్బా కూడా అందులోనే. గట్టుకు వెళ్లడానికి ఒక్కటే చెక్కల దారి. మేత వేసే మనిషి ఎటు నడిస్తే చేపలు అటే వస్తాయి.

ఆ రాత్రి గట్టు పక్కన నీళ్లు కదిలాయి. టార్చి వేశాను. చేపలన్నీ అక్కడే నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. గట్టు మీద మాత్రం ఎవరూ లేరు.

"బావా, నువ్వేనా వచ్చింది?" ఫోన్ చేసి అడిగాను.

"నేను మంచమెక్కి చాలాసేపైంది. చేపలకు జడిసే కాపలావాణ్ణి నిన్నే చూశాను బామ్మర్దీ!"

నీళ్ల చప్పుడు చెక్కల దారి వెంబడి నా వైపే రాసాగింది. తలుపు గడియ పెట్టేశాను. చప్పుడు గుమ్మం కింద ఆగింది. కాసేపటికి నేల చెక్కల కిందుగా నన్ను దాటి, నా వెనక్కి వెళ్లింది.

మేత డబ్బా మూత తీసిన చప్పుడైంది.