చేతికిచ్చిన కత్తి

"మంచి కత్తి సూపించు పైడిరాజూ. పటాలంలో పదిమందీ సూడాల" అన్నాడు సన్యాసయ్య.

టెక్కలి సంతలో కమ్మరి పైడిరాజు గోనెపట్టా మీద కత్తులు పరిచాడు. సన్యాసయ్య ఆ మాట కమ్మరికి చెప్పినట్టు చెప్పి, చుట్టూ ఉన్న జనానికి వినిపించాడు.

కొడుకు రామూర్తి పటాలంలో లారీ డ్రైవరు. సెలవు మీద భావనపాడు వచ్చాడు. రేపు బయల్దేరి, బొంబాయిలో ఓడెక్కి, గాజా అనే ఎడారి ప్రాంతానికి సరిహద్దు కాపలాకి పోవాలి.

సముద్రం మీదికి పోయే మనిషి ఒంటి మీద ఇంటివాళ్లిచ్చిన కత్తి ఉండాలని పల్లెవాళ్ల పట్టింపు. అయితే ప్రయాణం ముందు ఆ ఇంట్లో కత్తి ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోకూడదు. నేల మీద పెడితే పోయేవాడే వంగి తీసుకోవాలి. చేతికిస్తే ఆ ఇంటి మనిషి తిరిగి రాడంటారు.

సన్యాసయ్యకి ఆ భయం అందరికన్నా ఎక్కువ. తమ్ముడు నూకయ్య బర్మా యుద్ధానికి పోతున్న రోజు పలాస స్టేషన్లో రైలు కదిలిపోతుంటే, వెంట పరుగెత్తి కిటికీలోంచి కత్తి వాడి చేతిలో పెట్టింది తనే.

నూకయ్య తిరిగి రాలేదు. కత్తి చేతికిచ్చిన సంగతి సన్యాసయ్య తల్లికి కూడా చెప్పుకోలేకపోయాడు.

గాయపడ్డ నూకయ్యని సావాసగాడొకడు అడవిలో భుజాన మోశాడనీ, ఊపిరి పోయేదాకా వదల్లేదనీ ఎవరో వచ్చి చెప్పారు. పేరు మాత్రం తెలీదన్నారు. ఆ బాబు ఏ పూట వచ్చినా ఆకలితో ఉండకూడదని తల్లి అసిరమ్మ అప్పట్నించీ పూటపూటా ఒక కంచం ఎత్తి ఉంచుతోంది. ఇరుగుపొరుగు నవ్వినా మానలేదు.

సన్యాసయ్య ఇత్తడి పిడి ఉన్న పెద్ద కత్తి ఎంచాడు. ఎండకి తళతళలాడింది.

"అదొద్దు బాబూ" అన్నారెవరో.

పాకగుంజకి ఆనుకుని కూర్చున్న మనిషి. మాసిన ఖాకీ కోటు, మాటలో ఒడియా యాస. అంత పెద్దది పటాలంలో పెట్టె అడుగునే పడుంటుందనీ, తాడు కోసుకోవడానికీ డబ్బా మూత తీసుకోవడానికీ చిన్నదే పనికొస్తుందనీ చెప్పాడు.

నిజమేనన్నాడు రామూర్తి. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. సన్యాసయ్యకి తల కొట్టేసినట్టయింది.

"నిన్నెవుడు అడిగాడు? ఎల్లు."

ఆ మనిషి వెళ్లలేదు. కాలు ఈడ్చుకుంటూ దగ్గరకొచ్చి సన్యాసయ్య మొహంలో ఎవరి పోలికో వెతుకుతున్నట్టు అదేపనిగా చూశాడు.

"మీది భావనపాడేనా?"

"అయితే ఏటి?"

అతను కోటు లోపలి నుంచి గుడ్డమూట తీసి విప్పాడు. అరిగిపోయిన చిన్న కత్తి. పిడి ముందుకు పెట్టి చాచాడు.

"ఇది నీ సేతిలోనే ఎట్టాల."

సన్యాసయ్యకి పలాస స్టేషనూ, కదులుతున్న కిటికీ కళ్లముందు మెదిలాయి. ఒళ్లు తెలియలేదు. ఆ చేతిని ఫట్టున కొట్టాడు. కత్తి ఎగిరి ఇనపసామాన్ల మధ్య పడింది.

"రేపు పయనమయ్యే బిడ్డనెట్టుకుని నా సేతికి కత్తిత్తావా? ఎవుడిదిది? సచ్చినోడి ఒంటి మీంచి ఒలుసుకున్నావా?"

అతను ఏదో చెప్పబోయాడు. ఆఖరి మాట విని తల దించేశాడు. దొరికిపోయిన దొంగ కదా, దించక ఏం చేస్తాడనుకున్నాడు సన్యాసయ్య.

జనం తలో మాటా అన్నారు. ఒకడు కాలరు పట్టి నెట్టాడు. అతను వెళ్లి పలాస బస్సెక్కాడు.

సన్యాసయ్య ఇత్తడి పిడి కత్తినే కొన్నాడు. నేల మీద పెట్టించాడు. రామూర్తి వంగి తీసుకున్నాడు. అందరూ చూశారు. సన్యాసయ్య గుండె కుదుటపడింది.

అప్పుడు పైడిరాజు పడిపోయిన కత్తి వెతికి తీసి, మర్యాదగా నేల మీదే పెట్టాడు.

"దీన్నేటి సేయాల బావా? పాపం, పొద్దున్న రైలు దిగి మీ ఊరికే దారి అడిగాడు. సంతకి మీవోళ్లు వత్తారు, కూకోమన్నాను. ఏటైనా తినమంటే తిననేదు. ఆ ఇంట్లో అమ్మ సేతి కూడే తింటానన్నాడు. ఏ ఇల్లో నానడగనేదు."

సన్యాసయ్య వంగి చూశాడు.

కర్ర పిడి మీద మూడు గీతలు, వాటి కింద చేప తోక. తమ తెడ్ల మీదా, వల బెండ్ల మీదా ఉండే ఇంటి గుర్తు. తమ్ముడి ప్రయాణానికి ముందు మేకు కాల్చి ఆ గుర్తు వేసింది తనే.

రామూర్తి బస్సు కోసం పరుగెత్తాడు. రోడ్డు మీద దుమ్ము తప్ప ఏమీ లేదు.

ఈ కత్తి తను చేతికే ఇచ్చాడని తను కాక తెలిసింది నూకయ్య ఒక్కడికే. మళ్లీ చేతిలోనే పెట్టి రమ్మని వాడే చెప్పి ఉంటాడు. నీ తప్పేం లేదు అన్నా అని చావుబతుకుల్లో పంపిన ఆ మాటని తను నడిసంతలో కొట్టి పడేశాడు. సిగ్గుతో సన్యాసయ్య కొడుకు మొహం చూడలేకపోయాడు. ఇక తల్లి మొహం ఎలా చూడాలో తెలియలేదు.

ఇన్నేళ్లుగా అసిరమ్మ ఎవరి కోసం కంచం ఎత్తి ఉంచుతోందో, ఆ మనిషినే సన్యాసయ్య ఆకలి కడుపుతో సంతలోంచి తరిమేశాడు.