అమాసోడు

అమాస నాడు అమరచింతల మగ్గం చప్పుడు ఇనవడదు. ఆ ఒక్క దినం నేతోళ్లు మగ్గం దిగుతరు. దిగి ఏం జేస్తరు? బ్యాంకుల లైన్ కడ్తరు.

లైన్ల సగం కాడ సరోజ నిలబడ్డది. ఫోన్ మోగింది.

"అమ్మా, కాలేజీ ఆఫీసు కాడనే ఉన్న. అయిదింటి వరకే ఫీజు తీసుకుంటరంట. కట్టకుంటే నా సీటు వేరేటోళ్లకు ఇస్తరంట."

"వస్తున్న బిడ్డా. పైసలు చేతిల పడంగనె వనపర్తి బస్సెక్కుత. ఏమన్న తిన్నవా?"

"ముందు నువ్వు రా అమ్మా."

శ్రీజకు నర్సింగ్ సీటొచ్చింది. చీరల కూలి పన్నెండు వేలు షావుకారి నిన్ననే సరోజ మగ్గం లోను ఖాతాల ఏసిండు. తీసుకునుడే ఆలస్యం.

తీసుకోనిస్తె కద! క్యాష్ కౌంటర్‌కు అడ్డం ఒకాయన నిలబడ్డడు. జవాబ్ చెప్పేదాక జరగడంట.

పోయిన అమాసకు గూడ వచ్చిండు. అంతకుముందు అమాసకు గూడ వచ్చిండు. ఏ ఊరోడో లైన్ల ఎవరికీ తెల్వదు. వచ్చుడు, పక్క టేబుల్ కాడి మేనేజర్‌తోని లొల్లి పెట్టుకునుడు. అందరు కలిసి అమాసోడని పేరు పెట్టిండ్రు.

"సార్, మగ్గం లోనుకు లిమిట్ పెట్టింది మీరు. వడ్డీ ఏసి ఆ లిమిట్ దాటిచ్చింది మీరు. దాటిందని ఫైన్ మాత్రం మాకా?"

మేనేజర్ ఉదయ్ కిరణ్ కంప్యూటర్ల నుంచి తలకాయ లేపలే.

"సిస్టమ్ కట్ చేస్తది. నేను కాదు."

"సిస్టమ్‌కు చెప్పేటోళ్లు ఉంటరు గద. వాపస్ ఏయమని చెప్పుండ్రి."

"నీ ఒక్కని మాట మీద నేను పైకి రాయను. ఈడ ఇంతమంది ఉన్నరు. ఎవరన్న అడుగుతుండ్రా?"

అమాసోడు లైన్ దిక్కు మర్లిండు. మాసిన అంగీ, నెరిసిన గడ్డం.

"అమ్మా, అన్నా, మీ ఖాతాలల్ల గూడ కోస్తుండ్రు. ఒక్కరన్న చెయ్యి లేపుండ్రి. ఒక్కరు చాలు."

ఒక్క చెయ్యి లేవలే. ఎట్ల లేస్తది? రేపు లోను గావాలన్నా ఈ మేనేజర్ మొఖమే చూడాలె.

ఆయన సరోజ ముంగల ఆగిండు.

"నువ్వన్న చెప్పు చెల్లె."

సరోజకు ఒళ్లు మండింది.

"ఏం చెప్పాలె? నీ రెండొందల ఫైన్ కోసం మమ్ముల నిలబెడ్తవా? నెలకొక్క దినం మగ్గం దిగుతం, ఆ దినమే నీ మొఖం చూడాల్నా? ఆడ నా బిడ్డ ఫీజు కోసం కూసుంది!"

"బిడ్డ ఫీజా?" ఆయన గొంతు మారింది. "అయితె జర నా మాట ఇను తల్లీ..."

"ఇనేదేం లేదు. సార్, మాకెవ్వరికీ ఏం కోయలే. ఈ అమాసోన్ని బయటికి పంపుండ్రి!"

లైనంత నవ్వింది.

"ఇన్నవుగా," అన్నడు మేనేజర్.

గార్డు ఆయన భుజం మీద చెయ్యేసిండు. ఆయన ఆ చెయ్యి తీసేసి, తనంత తానే మెట్లు దిగి పోయిండు. పోతా పోతా సరోజను ఒక్కసారి చూసిండు. కోపంగ గాదు. అదే ఆమెకు నచ్చలే.

లైన్ కదిలింది. సరోజ వంతొచ్చింది.

"పన్నెండు వేలు తీయాలె మేడం."

"అంత లేదమ్మా. ఏడు వేలే ఉన్నయి."

"నిన్ననే ఏసిండు గద షావుకారి!"

"ఏసిండు. పాత ఫైన్లు ఉండె. పడంగనె కట్ అయినయి."

సరోజ మేనేజర్ కాడికి ఉరికింది.

"సార్, నా బిడ్డ సీటు పోతది సార్. నా పైసలు నాకియ్యుండ్రి. గిప్పుడు చెయ్యి లేపుత!"

"ఎవ్వరికీ ఏం కోయలే అన్నది నువ్వే గదమ్మా? రాసిచ్చి పో. నెల పడ్తది, చూద్దం."

"ఇయ్యాల అయిదింటికే సార్!"

ఆయన మళ్ల కంప్యూటర్ల తలకాయ పెట్టిండు.

సరోజ బస్టాండు దాక ఉరికింది. అమాసోడు కనవడలే. ఆటోల డ్రైవర్ శ్రీశైలం కూసోని ఉన్నడు.

"తమ్మీ, ఆ అమాసోడు ఏడి?"

"కురుమూర్తన్ననా? అమాసకు నా ఆటోలనే వస్తడు. గిప్పుడే గద్వాల బస్సెక్కిండు. ఏమైందక్కా?"

"నా పైసలు కోసిండ్రు. ఆయనతోని కలిసి అడుగుత."

"జర ముందుగాల్ల అడిగితే అయిపోతుండె గదక్కా! మొన్న కొత్తకోటల ఒక్క ముసలామె చెయ్యి లేపింది. ఆమెతోని బ్యాంకులనే కూసొని అదే దినం వాపస్ ఇప్పిచ్చిండు."

చేతిల ఫోన్ మోగుతుంది. శ్రీజ. సరోజ ఎత్తలే.

"మరి ఆయన పైసలు ఆయనకెందుకు వస్తలేవు?"

"ఆయనకు ఈడ ఖాతా ఏడుంది? ఆయన గూడ నేతాయనే, గద్వాలోడు. అమాసకైతె మీరంత ఒక్కతాన దొరుకుతరని వస్తుండు. పోయినేడు ఆయన బిడ్డ ఫీజు పైసలు బ్యాంకోళ్లు గిట్లనే కోసుకుంటే బిడ్డ సీటు పోయింది, ఆ పిల్ల ఇప్పుడు సీడుపత్తి చేన్లల్ల కూలికి పోతుంది."