కొంగ మొహం తిప్పుకున్న జెండా

ఎఫేమియమ్మ కాఫీ తేవడానికి లోపలికి వెళ్లగానే హెర్మిలో బల్ల మీది దుప్పటి అంచు పైకెత్తాడు.

ఊరి జెండా కుట్టడానికి నీలం దారం కావాలని కబురు పెట్టింది ఆమె. గడప దాటి బల్ల దాకా రావడం మాత్రం అతని అవసరమే.

ఆ వారం గార్సెరా ఊరంతటి కళ్లూ ఆ దుప్పటి మీదే ఉన్నాయి. దిగువన ఆనకట్ట లేస్తోంది. వానలు పడితే నీళ్లు వెనక్కి తంతాయి. పల్లంలో ఉన్న పేటలు రెండు. నదికి పడమట సాన్ రోకే, తూర్పున సాంతా అనా. కరకట్ట ఒక్కదానికే కడతారు. అది దేనికో మునిసిపాలిటీవాళ్లు తలుపులేసుకుని తేల్చేశారు. ఊరి పుట్టినరోజున తెలుస్తుంది.

ఎవరూ నోటితో చెప్పరు. ఆ ఊళ్లో అది జెండా చేసే పని.

జెండా మధ్యలో నిలువుగా నీలం పట్టీ. అది నది. దాని మీద డాలు, డాలులో కొంగ. నదికి అటు రెండు, ఇటు రెండు చుక్కలు. పేటకొకటి, కింది రెండూ పల్లపు పేటలవి. కర్ర ఎప్పుడూ ఎడమపక్కే, అది పడమర. ఒకప్పుడు చుక్కలు ఐదుండేవి. ఓ పేటకి పచ్చజ్వరం వచ్చిన ఏడు ఐదోది విప్పేశారు. ఆ పాత జెండా మునిసిపాలిటీలో అద్దాల పెట్టెలో ఉంది. కుట్టు విప్పిన సూది బెజ్జాలు ఇప్పటికీ కనిపిస్తాయి. చుక్క తీసిన రోజుకి ఆ పేటలో ఇంకా పదకొండు మంది బతికే ఉన్నారంటారు. ఆ తర్వాత అటు ఎవరూ పడవ ఆపలేదు.

హెర్మిలో గుడ్డ వైపు చూశాడు. సుద్ద గీతలు. కుడిపక్క రెండు చుక్కలు. ఎడమపక్క పైన ఒకటే. కింద ఖాళీ.

సాన్ రోకే. తన ఇల్లు, తన కోకో గోదాం, ముప్పై ఏళ్ల బతుకు.

కొంగను చూశాక అనుమానం కూడా మిగల్లేదు. నూరేళ్లుగా పడమటికి చూస్తున్న కొంగ ఇప్పుడు తూర్పుకు తిరిగి ఉంది. మునిగేవాళ్లని చూడలేక మొహం తిప్పుకున్నట్టుంది.

అడుగుల చప్పుడైంది. దుప్పటి వదిలేశాడు. ఎఫేమియమ్మ కప్పులు పెట్టి, దుప్పటి అంచునూ అతన్నీ మార్చి మార్చి చూసింది.

"చూశావా?"

"ఏం చూడాలమ్మా?"

"మేయరు నాతో శిలువ మీద ఒట్టు వేయించాడు నాయనా. నలభై ఏళ్లలో నా జెండా మీద సుద్ద మరక చూసినవాడు లేడు. ఈ గుట్టూ అంతే."

కాఫీ చల్లారకముందే హెర్మిలో లెక్క తేల్చుకున్నాడు. అమ్మకానికి పెడితే ఊరు పసిగడుతుంది. సొంతవాళ్లతో మార్పిడి అయితే ఎవరూ అడగరు. సాంతా అనాలో బావమరిది కసిమిరో ఉన్నాడు. ఇరుకిల్లు, పక్కన చిన్న కొట్టు. చిన్నదైనా పొడిగా ఉండేదే ఆస్తి.

సంగతి విన్న భార్య ఒతీలియా తలుపు గడియ వేసింది. వాడు నా తమ్ముడు, ముగ్గురు పిల్లలున్నవాడు అంది. మనకీ ఇద్దరున్నారు అన్నాడు హెర్మిలో. రెండు పేటల్లో ఒకటి మునగక తప్పదు, అది మనదే కావాలని ఎక్కడ రాసుందన్నాడు.

కసిమిరోతో వేరేలా చెప్పాడు. మీ అక్కకి మోకాళ్లు పట్టేస్తున్నాయి, మీ అమ్మ సమాధి దగ్గర్లో ఉండాలంటోంది, ఇళ్లు మార్చుకుందామన్నాడు.

కసిమిరో నవ్వాడు. "ఎంగిలి చేత్తో కాకిని తోలేవాడివి కాదు నువ్వు. గోదాంతో సహా ఇస్తానంటే భయమేస్తోంది బావా."

"భయమైతే మానెయ్. నీ పక్కింటాయన్ని అడుగుతాను."

"అక్క కోసమంటే కాదంటానా?"

నాలుగు రోజుల్లో కాగితాల మీద సంతకాలయ్యాయి. మంచాలు, మూటలు, కోళ్లు పడవల్లో అటూ ఇటూ దాటాయి. కసిమిరో భార్య వెళ్తూ వెళ్తూ, వచ్చేవాళ్లకి ఇబ్బంది కాకూడదని ఇంట్లో కుండలన్నిటా అంచుల దాకా నీళ్లు నింపి వెళ్లింది. ఒతీలియా ఆ నీళ్లు ముట్టలేదు.

పుట్టినరోజున చర్చి ముందు ఎవరి పేటవాళ్లు వాళ్ల గుంపులో నిలబడ్డారు. డప్పులు లేవు. ఎవరూ టపాకాయలు తేలేదు. పసిపిల్లలు కూడా ఏడుపు మానేసినట్టుంది. హెర్మిలో కొత్తగా సాంతా అనావాళ్లలో నిలబడ్డాడు. అవతల సాన్ రోకే గుంపులోంచి కసిమిరో, చిన్నదాన్ని భుజాల మీద ఎక్కించుకుని, చెయ్యి ఊపాడు. హెర్మిలో చెయ్యెత్తబోయి టోపీ సర్దుకున్నాడు.

మేయరు తాడు పట్టుకున్నాడు. చుట్టచుట్టిన జెండా మెల్లగా పైకి కదిలింది.

పక్కనే ఎఫేమియమ్మ నిలబడి ఉంది. ఇక దాచేదేముందనిపించింది హెర్మిలోకి. ఆమె వైపు వంగాడు.

"ఒక్కటి చెప్పమ్మా. కొంగ మొహం అటు తిప్పించింది మేయరా, నువ్వా?"

ఆమె అతన్నీ, అతను నిలబడిన గుంపునూ చూసింది. మూడు రోజుల కిందట నది దాటిన మూటలు గుర్తొచ్చాయి కాబోలు, చేతిలో జపమాల ఆగిపోయింది.

"అయితే ఆరోజు చూశావన్నమాట."

"చూశాను."

"కొంగ మొహం ఎవరూ తిప్పలేదు నాయనా, సుద్ద మరక పైకి కనబడకూడదని నేనెప్పుడూ జెండాని గుడ్డ వెనకవైపు గీస్తాను, ఎడమది కుడికీ కుడిది ఎడమకీ."