మాస్టారి సాగిన గీత

చుక్కలు, గీతలుగా కొట్టే మోర్స్ సంకేతాల్లో మనిషిని గొంతుతో కాదు, చేతి తీరుతో గుర్తుపడతాం. నాకు ఈ పని నేర్పి, అవతలి వైర్‌లెస్ స్టేషన్‌లో పనిచేసే మా మాస్టారు చివరి గీతని ఎప్పుడూ సాగదీసేవారు.

“ఏంటి మాస్టారూ ఈ నత్తనడక?” అని ఏడిపిస్తే నవ్వేవారు. “ఒకసారి వదిలిన తరంగం మళ్ళీ చేతికి రాదమ్మాయ్, అలా పోతూనే ఉంటుంది. అందుకే కాసేపు పట్టుకుంటా.”

ఆయన పోయి నెలైంది. అయినా రోజూ పని ముగించేముందు ఆయనకి ‘గుడ్ నైట్’ కొట్టందే నాకు మనసొప్పదు. ఆ రాత్రీ కొట్టి, హెడ్‌ఫోన్ తీయబోయాను.

హెడ్‌ఫోన్‌లో గరగరల అడుగు నుంచి చుక్కలు, గీతలు వినిపించాయి.

‘తిన్నావా?’

చివరి గీత సాగింది.

అడిగింది ఆయన. జవాబివ్వకుండా ఎలా ఉంటాను?

‘తిన్నాను మాస్టారూ. మీరెక్కడున్నారు?’

గరగరలోంచి జవాబు సన్నగా వచ్చింది.

‘తెలీదమ్మా. చాలా దూరం వచ్చేశా. నీ చప్పుడొక్కటే తోడు. ఆ గుడ్ నైట్ మాత్రం కొట్టకు. నువ్వు కొట్టినప్పుడల్లా ఇక్కడ ఒక దీపం ఆరిపోతోంది. ఇంకొక్కటే ఉంది.’

నెల రోజులుగా రోజూ కొడుతున్నాను.

వెనక తలుపు కిర్రుమంది. వాచ్‌మన్ తొంగిచూశాడు.

“పనైపోయిందా అమ్మా? లైటు ఆర్పేయనా?”