ఆదివారం నీళ్లు

ఆదివారం పొద్దున పదింటికి కానిస్టేబుల్ మునిరాజు బండి వచ్చి చెంగమ్మ ఇంటి ముందర ఆగింది. ఎదురింటి మిద్దె మీద బట్టలారేస్తున్న సింధూజ, చేతిలో దుప్పటి అట్లాగే పట్టుకొని నిలబడిపోయింది.

"చెంగమ్మా! చెంబెడు నీళ్లియ్యి" అని కేకేశాడు మునిరాజు.

చెంగమ్మ చెంబు తీసుకొని గుమ్మం దాకా వచ్చింది.

"గడప దాటి రా. ఎండలోకి రా. రెండు చేతులతో ఇయ్యి."

డెబ్బై ఏళ్ల మనిషి. ఎండలోకి వచ్చి, రెండు చేతులా చెంబెత్తి ఇచ్చింది. మునిరాజు ఆమెను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. చెంబు అందుకొని, ఒక్క గుక్కైనా తాగకుండా నీళ్లన్నీ గోడవార ఉన్న కరేపాకు చెట్టు మొదట్లో పోసేశాడు. ఏం పొగరు! తర్వాత గుమ్మంలో ఉన్న ఆమె కొడుకు దామోదర్ వైపు తిరిగాడు.

"వచ్చే వారం గూడా ఇట్లే ఉండాల. అర్థమైందా?"

"సరే సార్" అన్నాడు దామోదర్ తల వంచుకొని.

మునిరాజు పుస్తకంలో ఏదో రాసుకొని బండెక్కాడు. సింధూజకు ఒళ్లు మండిపోయింది.

సింధూజ మదనపల్లె కోర్టులో నల్లకోటు వేసుకొని రెండేళ్లు. చేతిలో కేసులు తక్కువ, కోపం ఎక్కువ.

దామోదర్ టమోటా బండి నడుపుతాడు. తొమ్మిదేళ్ల కిందట మార్కెట్లో జరిగిన కొట్లాటలో అతని పేరు కూడా రాశారు. కోర్టు ఆ కేసు కొట్టేసింది. స్టేషన్‌లో తెరిచిన సస్పెక్ట్ షీటును మాత్రం ఎవరూ మూయలేదు. అందులో పేరున్నంతకాలం పోలీసు ఇంటికి వస్తూనే ఉంటాడు. నేరం లేదు, శిక్ష మాత్రం ఇంటిల్లిపాదికీ! పాపం, దామోదర్ వీధిలో ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు.

"ఈ పీడ వదిలించు లాయరమ్మా" అని ఒకరోజు గంపెడు టమోటాలు తెచ్చి ఆమె గుమ్మంలో పెట్టాడు.

సింధూజ హైకోర్టుకు పిటిషన్ రాసింది. గోప్యత ప్రాథమిక హక్కు అని రాసింది. పోలీసులు తమకు తాము రాసుకున్న నియమాలు చట్టం కావని రాసింది. నీళ్ల సంగతి విడిగా రాసింది. పోయిన ఏడాది ఒకే వారంలో మునిరాజు మూడుసార్లు వచ్చాడు. "అమ్మ జ్వరంతో పడుకొనుండాది సార్" అని దామోదర్ దండం పెట్టి చెబుతున్నా వినకుండా, ముసలామెను మంచం మీదినుంచి లేపి వీధిలోకి రప్పించాడు. మనిషన్నవాడు చేసే పనేనా అది? అదీ రాసింది.

చెంగమ్మ మాత్రం వేలిముద్ర వేయడానికి వెనక్కి తగ్గింది.

"వొద్దు పాపా. వస్తే రానీ. రెండు నిమిషాలు నిలబడి పోతాడు. మనదేం పోతాది?"

"పరువు పోతాది అవ్వా! నీ ఇంట్లో నువ్వెట్లుంటే వాళ్లకెందుకు?"

చెంగమ్మ ఏదో అనబోయింది. వెనక దామోదర్ నిలబడి ఉన్నాడు.

"ఆయప్ప రాకపోతే కరేపాకు సెట్టు ఎండిపోతాది" అంది చివరికి.

సింధూజకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. ఇన్నేళ్లు భయపడీ పడీ ఈమెకు భయమే అలవాటైపోయిందనుకుంది. దామోదరే అమ్మ వేలు పట్టుకొని కాగితం మీద ముద్ర వేయించాడు.

ఐదు నెలలకు తీర్పొచ్చింది. షీటు మూసేయాలి, ఇక ఆ గడప దగ్గరికి పోకూడదు. సింధూజ పేరు పేపర్లో పడింది. "నాకూ ఒక షీటుండాది మేడం" అని కుప్పం నుంచి ఒకాయన ఫోన్ చేశాడు.

తీర్పు కాపీ ఇవ్వడానికి ఆమే స్వయంగా స్టేషన్‌కు వెళ్లింది. మునిరాజు దాన్ని రెండుసార్లు చదివాడు.

"మంచిదమ్మా. చట్టం చట్టమే" అన్నాడు. కాపీ మడిచి సొరుగులో పెడుతూ, "నీది ఎదురిల్లే గదా?" అని అడిగాడు.

"ఏం, ఇంక మా ఇంటికొస్తారా?"

"అది కాదమ్మా. అప్పుడప్పుడూ ఆయమ్మను నువ్వన్నా నీళ్లడగతా ఉండు..."

"వెటకారాలు చాలు" అని సింధూజ విసురుగా బయటికి వచ్చేసింది. వెనక నుంచి ఆయన ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు.

ఆ ఆదివారం బండి రాలేదు. మరుసటి ఆదివారమూ రాలేదు. వీధి హాయిగా ఉంది.

మూడో ఆదివారం సింధూజ మిఠాయి పొట్లం పట్టుకొని ఎదురింటికి వెళ్లింది. దామోదర్ మదనపల్లెకు లోడు తీసుకొని పోయినట్టున్నాడు, బండి లేదు. కరేపాకు చెట్టు సగం ఎండిపోయింది. పిలవగా పిలవగా తలుపు జానెడు తెరుచుకుంది.

"అవ్వా! చెంబెడు నీళ్లియ్యి. ఈ రోజు నేనే పోలీసును" అంది సింధూజ నవ్వుతూ.

చెంగమ్మ లోపలికి పోయి చాలాసేపటికి వచ్చింది. ఎడం చేత్తో చెంబు చాపింది.

"ఎడం చేత్తో ఇస్తాండావేందవ్వా? మునిరాజు రాడనే ధైర్యమా?"

చెంగమ్మ నవ్వలేదు. గడప దాటి, ఎవరూ చెప్పకుండానే ఎండలోకి వచ్చి నిలబడింది. పైటకొంగు పక్కకు జరిగింది. కుడి చెయ్యి మోచేతి దగ్గర నల్లగా వాచి, వేలాడుతోంది.

"పైకి లేస్తా లేదు పాపా" అంది. "ఆయప్ప వారం వారం నీళ్లడిగింది ఈ రెండు సేతులూ సూసేదానికే, నా కొడుకు భయపడింది గూడా ఆ సెంబెడు నీళ్లకే."