గది నిశ్శబ్దం

డాక్యుమెంటరీ కోసం, చనిపోయిన కూతురి గురించి ఆ తల్లి కుమిలి కుమిలి ఏడుస్తూ చెప్పింది. తీరా చూస్తే, నేను సౌండ్ రికార్డర్ ఆన్ చెయ్యనేలేదు.

ఆ మాట చెప్పడానికి వెధవ పరువు అడ్డొచ్చింది. "బయట కుక్క మొరిగిందమ్మా. ఇంకొక్కసారి చెప్తారా?" అన్నాను.

పాపం, కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. మళ్ళీ ఏడ్చింది.

తర్వాత అందర్నీ బయటికి పంపి, ఎడిటింగ్‌లో అవసరమని, ఆ పాప గదిలోని నిశ్శబ్దాన్ని అరనిమిషం రికార్డు చేశాను.

రాత్రి లాడ్జిలో నిద్రపట్టక, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. గోడ గడియారం చప్పుడు. ఎవరిదో ఊపిరి. నాదే అనుకున్నాను. కానీ రికార్డు చేస్తున్నంతసేపూ నేను ఊపిరి బిగబట్టే కూర్చున్నాను కదా!

చెవి పక్కనే ఒక చిన్న గొంతు గుసగుసలాడింది.

"అంకుల్, కుక్కేమీ మొరగలేదుగా?"